లాంప్ రూం మనిషి నడక

"అన్నా, మోకాలు ఇంట్ల పెట్టి వచ్చినవా?"

ఈ మాట అన్నది మా పక్క క్వార్టర్ అతను. అనిపించుకున్నది మా ఆయన. చోటు, గోదావరిఖనిలో మా బొగ్గు బాయి గేటుకు ఎదురుగా ఉండిన చాయ్ హోటల్. నైట్ షిఫ్టు దిగినవాళ్లు, ఫస్ట్ షిఫ్టు ఎక్కేవాళ్లు ఒకచోట కలిసే పొద్దు అది. బెంచీల నిండా మనుషులు. అందరూ నవ్వారట. మా ఆయన కూడా నవ్వాడట. ఇంటికి వచ్చి నాకు చెప్పినప్పుడు కూడా నవ్వుతూనే చెప్పాడు. నేను నవ్వలేదు. ఇన్నేళ్లయినా నాకు నవ్వు రాలేదు.

నాకు మరపు తక్కువ. ఎవరు ఏం అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, అన్నప్పుడు చేతిలో ఏం పట్టుకున్నారు, అన్నీ గుర్తుంటాయి. పెళ్లయి ఈ కాలనీకి వచ్చిన కొత్తలో, నల్లా దగ్గర నా బిందె పక్కకు జరిపి తన బిందె పెట్టుకున్న ఆవిడ ముఖం ఇప్పుడు కూడా గీసి చూపించగలను. నేను పదో తరగతి దాకా చదివాను. దరఖాస్తు రాయడం వచ్చు. రాసింది చేతికిచ్చి, జవాబు వచ్చేదాకా ఆఫీసు వరండాలో కూర్చోవడమూ వచ్చు. నల్లా రాకపోతే దరఖాస్తు, కప్పు కురిస్తే దరఖాస్తు, మోరీ నిండితే దరఖాస్తు. అందుకని కాలనీలో నన్ను 'దరఖాస్తుల వదినె' అనేవారు. ఆ పేరు పెట్టింది కూడా పక్క క్వార్టర్ అతనే. పెట్టనీ. నా దరఖాస్తుకు వచ్చిన నీళ్లను వాళ్లింట్లో కూడా పట్టుకున్నారు.

ఇప్పుడు రాస్తున్నది కూడా అలాంటిదే. కాకపోతే ఇది పట్టుకెళ్లి ఏ బల్ల మీద పెట్టాలో నాకు తెలియదు.

మా ఆయన మొదట ఫిల్లర్. బాయిలో పేల్చిన బొగ్గును పారతో, తట్టతో ఎత్తి, పట్టాల మీద నడిచే టబ్బులు నింపే పని. ఎనభైల మొదట్లో మా బాయిలో ఇంకా మనుషులే నింపేవారు. షిఫ్టు దిగి వచ్చేసరికి కళ్లు, పళ్లు తప్ప మనిషి కనపడేవాడు కాడు. ఒంటి మీద పట్టుకుందామంటే చిటికెడు కండ దొరికేది కాదు, అంతా తాడు పేనినట్టు ఉండేది. లోపల కప్పు తక్కువ ఎత్తులో ఉండే చోట వంగి నడిచీ నడిచీ, బయట కూడా తల కొంచెం ముందుకు వంచి నడిచేవాడు. మా ఇంటి దర్వాజా ఆయన కంటే జానెడు ఎత్తు. అయినా దాటేటప్పుడు తల వంచేవాడు.

"ఏందయ్యా, మన దర్వాజకు దండం పెడుతవు?" అనేదాన్ని.

"అలవాటే. తల కంపెనీది, వంచకపోతె పగులుతది," అనేవాడు.

ఆ పనికి తగ్గ తిండి తినేవాడు. దాన్ని తప్పు పట్టను. ఇంటికి రాగానే మా అత్తమ్మ ముందు బెల్లం ముక్క చేతిలో పెట్టేది. బొగ్గు దుమ్ము గొంతులో, ఛాతీలో పేరుకోకుండా బెల్లం కడుగుతుందని ఇక్కడ అందరి నమ్మకం. మా బాయి చుట్టూ ఏ ఇంటికి పోయినా బెల్లం డబ్బా గూట్లో చేతికందేలా ఉంటుంది. ఆదివారం మాంసం. అందులో కొవ్వు ముక్కలు ఏరి ఆయన కంచంలో వేసేది అత్తమ్మ. "బొగ్గుకు పోయే పానం, నెయ్యి లేకపోయినా గిదన్న ఉండాలె," అనేది. తిన్నదంతా మరునాడు పారతో పాటు పోయేది.

తరువాత ఒకసారి పక్కగోడ బొగ్గు జారి ఆయన కాలి మీద పడింది. మోకాలు నుజ్జయింది. దవాఖానలో చాలా కాలం పెట్టి నిలబెట్టారు గానీ, ఆ మోకాలు సగానికి మించి వంగలేదు. సమంగా ఉన్న నేల మీద బాగానే నడిచేవాడు. గొంతుకూర్చోలేడు, దిగుడు దిగలేడు, వంగి బరువు ఎత్తలేడు. కంపెనీ డాక్టర్లు చూసి, లోపలి పనికి పనికిరాడని రాశారు. ఆయన్ను పైన లాంప్ రూంలో వేశారు. బాయిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, ఎక్కివచ్చినవాళ్ల దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టడం. కిటికీ దగ్గర ఎత్తు స్టూలు. ఎండ లేదు, వాన లేదు.

లోపల పని చేసే ప్రతివాడికీ పైన కుర్చీ అంటే ఆశ. అలాంటి కుర్చీ దొరికిన ఇంటికి చుట్టాలు వచ్చి పలకరించి పోతారు, శుభకార్యం జరిగినట్టు. మా ఇంట్లో కూడా మేకను కోశారు. పక్క క్వార్టర్ అతను ఆ రోజు మా ఇంట్లోనే తిన్నాడు. అతను కూడా ఫిల్లరే. నడుము నొప్పి అని అతను డాక్టర్ల ముందుకు పోతే, బాగానే ఉన్నావు పో అని తిప్పి పంపారు. చేయి కడుక్కుంటూ అన్నాడు:

"అన్నా, నాకు నడుము, నీకు మోకాలు. నీ మోకాలు నసీబున్న మోకాలు."

అప్పుడు కూడా అందరూ నవ్వారు. ఆ చెంబు అందించింది నేనే.

పని మారింది, తిండి మారలేదు. దుమ్ములోకి దిగని మనిషికి దుమ్ము కడిగే బెల్లం ఎందుకు? నేను అడిగాను. అడిగానని ఎవరూ ఒప్పుకోరు, కానీ అడిగాను. అత్తమ్మ, "ఇన్నేండ్ల దుమ్ము ఒక్కనాడు పోతదా పిల్లా? లోపల పేరుకున్నది మెల్లమెల్లగ దిగాలె," అంది. మా ఆయన ఆ మాటకు సరే అన్నాడు. బెల్లం ముక్క చిన్నది కాలేదు. కొవ్వు ముక్కలు తగ్గలేదు. పొద్దంతా స్టూలు మీద కూర్చుని వచ్చి, టబ్బులు నింపి వచ్చినవాడిలాగే తినేవాడు. బెల్టు రంధ్రాలు మారాయి, తరువాత బెల్టే మారింది. చూసినవాళ్లు "మంచిగైనవు అన్నా, ఒళ్లు చేసినవు" అనేవారు. మా దగ్గర అది మెచ్చుకోలు.

తొంభై దాటిన కొత్తలో ఒక పొద్దున నల్లా దగ్గరి నుంచి రెండు బిందెలు తెచ్చి, గడప మీద కూర్చున్నాడు. ముఖమంతా చెమట. ఛాతీ మీద ఎవరో కాలు పెట్టినట్టుంది అన్నాడు. కాసేపటికి తగ్గింది. తగ్గింది కదా అని ఆయన, ఊరుకోనని నేను. చివరికి దవాఖానకు తీసుకుపోయాను.

అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉండేది. కృష్ణా దిక్కు మనిషి, మాట సాగదీసేది. రక్తం పరీక్ష చేయిస్తాను, రేపు పరగడుపున రండి అంది. మరునాడు అత్తమ్మ, "నెత్తురు ఇచ్చేటోన్ని ఉత్త కడుపుతోని పంపుతరా?" అని నేను చూడకుండా బెల్లం చాయ్ తాగించింది. డాక్టరమ్మ అడిగితే మా ఆయన దాచలేదు. ఆమె తల పట్టుకుని, ఇంకో రోజు రమ్మంది. ఆ ఇంకో రోజు నేను పొయ్యి దగ్గరే కాపలా కూర్చున్నాను.

ఫలితం చూశాక ఆమె ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. అధికారులు కసురుకున్నట్టు కాకుండా, మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడింది. అందుకే ప్రతి మాటా గుర్తుంది.

"మీ రక్తంలో కొవ్వులు ఎక్కువున్నాయండీ. అన్నీ ఒకటి కాదు. తిన్నదాంట్లో ఖర్చు కాక మిగిలింది కొవ్వుగా మారి రక్తంలో తిరుగుతుంది, మీకు అది బాగా ఎక్కువ. తీపి ఎక్కువైనా అదే పెరుగుతుంది. అదిగాక చెడ్డ కొలెస్ట్రాల్ ఒకటుంది, అది రక్తనాళాల గోడలకు పట్టేస్తుంది. మంచిదొకటుంది, అది పట్టినదాన్ని తీసుకెళ్లిపోతుంది. మీకు ఆ మంచిది తక్కువ."

"మరి మందు?" అన్నాను.

"గుండెకు మాత్రలు రాస్తాను. కానీ రోజూ నడవాలి. నడిస్తే ముందు ఆ తిరిగే కొవ్వు తగ్గుతుంది. కండరాలు దాన్ని వాడేసుకుంటాయి. మంచిది మెల్లగా, కొంచెమే పెరుగుతుంది. చెడ్డది మాత్రం ఒక్క నడకతో పెద్దగా దిగదమ్మా, దానికి తిండి మార్చాలి. ముందు మెల్లగా మొదలుపెట్టండి, నొప్పి వస్తే ఆగిపోండి. అలవాటయ్యాక కాస్త జోరు పెంచండి. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడదామంటే మాత్రం ఊపిరి చాలకూడదు. అంత జోరు చాలు."

"మోకాలు అమ్మా," అన్నాడు మా ఆయన.

ఆమె మోకాలు పట్టుకుని చూసింది. "సమంగా ఉన్న రోడ్డు మీద నడవండి. మెట్లు వద్దు, ఎత్తులు వద్దు. ఇంకొక్క మాట. మొదలుపెట్టి మానేస్తే లాభం నిలవదు. కొన్ని వారాల్లోనే మళ్లీ మొదటికి వస్తుంది. బ్యాంకులో వేసుకున్నట్టు దాచుకునేది కాదిది."

 దారిలో మా ఆయన అన్నాడు: "సమజైందే. మంచిదంటె ఖాళీ టబ్బులు. లోపలికి వచ్చి, నిండి, బయటికి పోతయి. నా కాడ ఖాళీ టబ్బులు తక్కువున్నయి. బొగ్గంత ఆడనే పడి ఉన్నది."

ఆ రోజు ఇంటికి వచ్చి బెల్లం డబ్బాను గూట్లో నుంచి తీసి అటక మీద పెట్టాను. అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మానేయనీ అనుకున్నాను. కొవ్వు ముక్కలు కూడా పోయాయి. ఆయన అడిగినా వేయలేదు.

ఇక నడక. మా కాలనీలో ఊరికే నడిచే మనిషి ఆ రోజుల్లో ఉండేవాడు కాదు. బయట మగవాడు కనిపిస్తే డ్యూటీకైనా పోతుండాలి, డ్యూటీ నుంచైనా వస్తుండాలి, లేదా అంగడికి, దవాఖానకు, కల్లుకు. ఎదురైన ప్రతివాడూ "ఎటు పోతున్నవే?" అంటాడు. అది మా దగ్గర నమస్కారం లాంటిది, జవాబు చెప్పకపోతే పొగరు. మా ఆయనకు చెప్పడానికి జవాబు లేదు. 'నడుస్తున్న' అంటే నవ్వుతారు. పని చేసి చేసి ఒళ్లు అరిగిన మనుషుల మధ్య, అరగడానికని బయలుదేరిన మనిషి! మొదటి రెండు రోజులు సందు చివరి దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"ఏమైందయ్యా?"

"అడుగుతున్నరే. ఏం చెప్పాలె?"

మూడో రోజు తనే ఉపాయం ఆలోచించాడు. ఒక ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే, "అంగడికి." అంతే. అంగడి తెరవకముందే పోయి, తెరవకముందే వచ్చేవాడు. రామగుండం రోడ్డు మీద పవర్‌హౌస్ పొగగొట్టాలు దగ్గరగా కనిపించేదాకా పోయి తిరిగేవాడు. సంచి ఎప్పుడూ ఖాళీగానే వచ్చేది. ఒక్కోసారి దారిలో పొలాల నుంచి వచ్చే ఆడవాళ్ల దగ్గర పాలకూర కట్ట కొనుక్కొచ్చి, "సంచి ఇజ్జత్ కాపాడిన," అనేవాడు.

మా కాపురంలో నాకు బాగా గుర్తున్న కాలం అదే. నేను పొద్దున్నే వాకిలి ఊడుస్తూ, రోడ్డు చివర ఆ వంగిన తల ఎప్పుడు కనపడుతుందా అని చూసేదాన్ని. మొదట్లో మెల్లగా వచ్చేవాడు. రాను రాను చెయ్యి ఊపు పెరిగింది. నీళ్ల బిందె తెచ్చినా ఆయాసం రావడం మానింది. కొన్ని నెలల తరువాత మళ్లీ రక్తం ఇచ్చాడు. ఆ తిరిగే కొవ్వు బాగా దిగింది. మంచిది కొద్దిగా ఎక్కింది. చెడ్డది కూడా, తిండి మార్చినందుకు, కాస్త తగ్గింది. డాక్టరమ్మ బల్ల మీద చేత్తో కొట్టి, "చూశారా!" అంది. మా ఆయన బడి పిల్లాడిలా సిగ్గుపడ్డాడు. అత్తమ్మ కూడా ఆ రోజు నాతో మాట్లాడింది.

ఆ వారమే చాయ్ హోటల్ దగ్గర ఆ మాట వచ్చింది.

ఆ పొద్దు ఆయన జోరుగా నడుస్తూ హోటల్ ముందు నుంచి వస్తున్నాడు. మర్చిపోయి సంచి తేలేదు. పక్క క్వార్టర్ అతను నైట్ షిఫ్టు దిగి, ముఖం కూడా కడగకుండా చాయ్ తాగుతున్నాడు. రాత్రంతా నడుము విరిగేలా టబ్బులు నింపిన మనిషి. లోపలి పనికి పనికిరాడని స్టూలెక్కిన మనిషి ఎదురుగా ఊపుగా నడిచి వస్తుంటే చూశాడు. అతని కడుపు మంట నాకు అర్థం కాదని కాదు. అర్థమైంది. అయినా.

"అన్నా, మోకాలు ఇంట్ల పెట్టి వచ్చినవా?"

హోటల్ నడిపే భాయ్, "అరే, వదిలెయ్ భాయ్, నడవనీ ఆయన్ని," అన్నాడట. ఆ ఒక్క ముసల్మాన్ అన్న తప్ప ఎవరూ నోరు తెరవలేదు. మరునాటికి ఆ మాట బాయి అంతా తిరిగింది. దీపం తీసుకోవడానికి కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతివాడూ, "అన్నా, మోకాలు తెచ్చుకున్నవా ఇయ్యాల?" అనడం మొదలుపెట్టాడు. నవ్వు నవ్వుగా ఉంటే మా ఆయన భరించేవాడు. అది పైదాకా పోయింది. బాయి ఆఫీసులో ఒక అధికారి పిలిపించాడు.

"ఏమయ్యా, మైళ్లకు మైళ్లు నడుస్తున్నావట? కుదిరిందా కాలు? కుదిరితే చెప్పు, మళ్లీ పరీక్షకు పంపి లోపలికి దింపుతాం. పైన కూర్చోవడానికి ఇంకా చాలా మంది ఉన్నారు."

మా ఆయన ఏం చేశాడో నాకు తెలుసు.  తల వంచి నిలబడి ఉంటాడు. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "రేపటి సంది నడకకు పోను," అన్నాడు.

నేను ఆ మరునాడే దవాఖానకు పోయాను. డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది, ఇతను గుండె కోసం రోజూ సమతలం మీద నడవాలి అని. అది పట్టుకుని ఆఫీసు వరండాలో పగలంతా కూర్చున్నాను. చివరికి పిలిచారు. ఆ అధికారి కాగితం చదివి నా వైపు జరిపాడు.

"ఆవిడ రాసింది గుండె గురించి. నాకు కావలసింది మోకాలి గురించి."

"సార్, సమంగ ఉన్న రోడ్డు మీద నడిచేటోడు బాయి దిగగలుగుతడా? మోకాలు వంగది సార్. కావాలంటె మీ ముంగట కూసుండబెడుత, లేస్తడేమో చూడుండ్రి."

"చూడమ్మా, నీ మొగుడు నడుస్తాడు. నడిచే మనిషిని కాలు లేనివాడని నేను పైన పెట్టుకుంటే రేపు నన్ను అడుగుతారు. నడవొద్దని నేను అనలేదు. నడవమను. నడిస్తే మళ్లీ పరీక్షకు పంపుతాను, అంతే."

పక్కన కూర్చున్న క్లర్కు నవ్వు ఆపుకోవడానికి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అతని చేతిలో సున్నం డబ్బీ ఉంది.

సాయంత్రం పక్క క్వార్టర్ తలుపు కొట్టాను. అతను బనీను మీద బయటికి వచ్చాడు.

"నేను ఎవలకు చెప్పలే వదినె. ఒట్టు. నవ్వుకు అన్న. అన్న నాకు పరాయోడా?"

"నవ్వుకే అన్నవు గద. అదే హోటల్ల, అదే బెంచి కాడ నిలబడి చెప్పు. నవ్వుకన్న, అన్న మోకాలు ఖరాబే అని చెప్పు. నలుగురు వింటరు, పైకి పోతది."

"నవ్వు మాటకు సాక్ష్యం ఇస్తరా వదినె ఎక్కడన్న? నన్ను గూడ నవ్వుతరు."

"నిన్ను నవ్వితె ఏం పోతది?"

 లోపల అతని భార్య పిలిస్తే, తలుపు దగ్గరగా వేసుకుని పోయాడు.

మా ఆయన బయట నడవడం మానేశాక నేను ఇంట్లో నడిపించాను. రెండు గదుల క్వార్టర్. వంటింటి గోడ నుంచి ముందు దర్వాజా దాకా, మళ్లీ వెనక్కి. మంచం నిలబెట్టి దారి చేశాను. నడుమ దర్వాజా దాటిన ప్రతిసారీ తల వంచేవాడు. అంత చిన్న జాగాలో జోరు ఎక్కడిది? ఊపు అందుకునేలోపు గోడ వచ్చేది. తిరగడానికి మోకాలు సహకరించేది కాదు. గోడ అవతల నుంచి పక్కింటి మాటలు వినపడేవి. వాళ్లకు మా అడుగులు వినపడేవి కావచ్చు. కొన్నాళ్లకు ఒక పొద్దున సగంలో ఆగి, వంటింటి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"బాయిల గూడ గింత ఇరుకు లేదే," అన్నాడు.

మంచం మళ్లీ వేసుకుని పడుకున్నాడు. నేను పోట్లాడాను. ఏడ్చాను. పోతే పోయింది ఆ స్టూలు, ఊళ్లో కూలి చేసుకుందాం అన్నాను. "ఈ కాలుతోని ఏం కూలి చేస్తనే?" అన్నాడు. అది నిజమే. ఆ మోకాలితో లోపలికి దిగితే ఆయన ఎన్నాళ్లు బతికేవాడో కూడా చెప్పలేం. స్టూలు ఉండాలంటే నడవకూడదు, గుండె ఉండాలంటే నడవాలి. దానికి ఏ దరఖాస్తు రాయాలో నాకు తోచలేదు. అయినా రాశాను. పై ఆఫీసుకు రాశాను, యూనియన్‌కు ఇచ్చాను. చూస్తాం అన్నారు.

డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. తరువాతి పరీక్షలో ఆ తిరిగే కొవ్వు మళ్లీ పాత జాగాకు ఎక్కింది. మంచిది దిగింది. ఆమె ఈసారి బల్ల కొట్టలేదు. "నడవడం లేదా?" అని మాత్రం అడిగింది. మా ఆయన, "డ్యూటీ ఎక్కువైందమ్మా," అన్నాడు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ తరువాత ఆమెకు బదిలీ అయింది. నస్పూర్ దిక్కు పోయిందని విన్నాను.

ఆ ఏడాది చలికాలంలో, ఫస్ట్ షిఫ్టువాళ్లు బాయిలోకి దిగే వేళ, లాంప్ రూం కిటికీ దగ్గర దీపం అందిస్తూ మా ఆయన స్టూలు మీది నుంచి పక్కకు ఒరిగాడు. ఆ దీపం అందుకోబోయిన చెయ్యి పక్క క్వార్టర్ అతనిది. ఇది రాయకుండా వదిలేయాలని చాలా ఉంది, వదిలేస్తే అబద్ధమవుతుంది. తలుపు తోసుకుని లోపలికి పోయింది అతనే. బండి కోసం చూడకుండా, ఆ నొప్పి నడుముతోనే మా ఆయన్ను భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. నేను పోయేసరికి అతను గోడకు ఆనుకుని కూర్చుని, ఎగసిపడుతున్న ఛాతీతో ఊపిరి తీసుకుంటున్నాడు. మా ఆయన ఛాతీ కదలడం లేదు.

కొత్తగా వచ్చిన డాక్టరును అడిగాను, నడిచి ఉంటే బతికేవాడా అని. ఆయన, "చెప్పలేమమ్మా. నడకతో ముప్పు తగ్గుతుంది. పోతుందని చెప్పలేం. నడిచినా ఇలాగే జరిగి ఉండొచ్చు," అన్నాడు. కావచ్చు. ఆయన అబద్ధం చెప్పే మనిషిలా లేడు. నడిచినా పోయేవాడేమో. అయితే ఆ చివరి ఏడాది పొద్దున్నే చెయ్యి ఊపుకుంటూ రోడ్డు మీద నడిచి ఉండేవాడు. గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉండేవాడు కాదు.

మాకు పిల్లలు లేరు. ఆయన బదులు నాకు ఆఫీసులో పని ఇచ్చారు. ఊడవడం, నీళ్లు ఇవ్వడం. ఆ అధికారి బదిలీ అయ్యేదాకా ఆయన బల్ల మీద రోజూ నీళ్ల గ్లాసు పెట్టింది నేనే. ఆయనకు నేను గుర్తులేను. నాకు ఆ బల్ల మీద కాగితాన్ని ఏ వేలితో జరిపాడో గుర్తుంది. అత్తమ్మ మా ఆయన తరువాత ఎక్కువ కాలం ఉండలేదు. పోయే ముందు ఒకసారి అటక వైపు చూసి, "ఆ డబ్బ పారెయ్ బిడ్డా," అంది.

తొంభైల చివరికి కాలం మారింది. కాలనీ గ్రౌండు చుట్టూ మట్టి పోసి చదును చేశారు. పొద్దున్నే అధికారులు తెల్ల బూట్లు వేసుకుని నడవడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి క్లర్కులు, క్లర్కులను చూసి మిగిలినవాళ్లు. చేతిలో సంచి లేకుండా, చంకలో ఏమీ లేకుండా, ఎటూ పోకుండా గుండ్రంగా తిరిగేవారు. దవాఖాన గోడ మీద నడిచే మనిషి బొమ్మ వేసి, నడక గుండెకు మంచిదని రాశారు. ఆ గోడ ముందు నుంచి పోవడం ఇష్టం లేక నేను మార్కెట్‌కు చుట్టు తిరిగి పోయేదాన్ని.

ఒక సాయంత్రం పక్క క్వార్టర్ అతను మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మా ఆయన పోయినప్పటి నుంచి నేను అతనితో మాట్లాడలేదు. అతనూ ముఖం చాటేసి పోయేవాడు. అప్పటికి బాయిలో యంత్రాలు వచ్చి, అతనికి కూడా చేతి పని తగ్గి కూర్చునే పని వచ్చింది. పొట్ట వచ్చింది. చేతిలో దవాఖాన చీటీ ఉంది.

"వదినె, నెత్తుర్ల కొవ్వున్నదట. నడువుమన్నరు. ఏమడిగినా ఆ పోరడు డాక్టర్ నడువు నడువు అంటడు గని, ఎట్ల నడువాలె, ఎంత జోరుగ నడువాలె చెప్తలేడు. అన్నకు ఆ డాక్టరమ్మ మంచిగ చెప్పింది గద. నీకు యాదికుంటది."

నాకు యాదికుంటుందని అతనికి తెలుసు. ఆ ధైర్యంతోనే వచ్చాడు.

"ముందుగాల నువ్వు ఒకటి చెప్పాలె," అన్నాను. "ఆ హోటల్ కాడ చెప్పుమన్న మాట."

"హోటల్ ఏడున్నది వదినె? కూలగొట్టి రోడ్డు ఏసిండ్రు గద."

"అయితే ఈడ చెప్పు."

అతను గేటు చువ్వ పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, చీటీని మడతలు పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. కలిగిందేమో, ఆ పూట గుర్తించలేదు.

చివరికి నేనే చెప్పాను. సమంగా ఉన్న రోడ్డు మీద నడవాలని, మెల్లగా మొదలుపెట్టి తరువాత జోరు పెంచాలని, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత జోరు చాలని, ముందు తిరిగే కొవ్వు దిగుతుందని, చెడ్డది దిగాలంటే తిండి కూడా మార్చాలని, బెల్లం మానాలని, మానేస్తే కొన్ని వారాల్లోనే మొదటికి వస్తుందని. డాక్టరమ్మ మాటలే, ఒక్కటి కూడా దాచుకోలేదు. అతని మీద ప్రేమతో చెప్పలేదు. ఆ మాటలు మా ఆయనవి. ఎవరో ఒకరి ఒంట్లోకి పోకపోతే అవి నాతోనే ఆగిపోతాయనిపించింది.

మరునాటి నుంచి అతను నడవడం మొదలుపెట్టాడు. గ్రౌండుకు పోవాలంటే మా గేటు ముందు నుంచే పోవాలి. ఎవరూ అతన్ని ఎటు పోతున్నావని అడగరు. ఇప్పుడు ఎవరూ ఎవరినీ అడగడం లేదు. నేను అడుగుతాను. వాకిలి ఊడుస్తూ, చీపురు ఆపి, రోజూ అడుగుతాను.

"ఎటు పోతున్నవే?"

అతను ఆగుతాడు. మొదట్లో తల దించుకుని పోయేవాడు. నేను ఊరుకోలేదు, చెప్పేదాకా అడిగాను. ఇప్పుడు రోజూ నిలబడి, నా ముఖం చూసి, గట్టిగానే చెప్తాడు.

"ఎటు లేదు వదినె. నడుస్తున్న."

ఇంత చిన్న మాట. ఇది అందరి ముందూ చెప్పలేకే మా ఆయన చంకలో ఖాళీ సంచి మోశాడు. అతను గ్రౌండు మలుపు తిరిగేదాకా చూస్తాను. ఆ తరువాత కూడా కాసేపు రోడ్డు వైపే చూస్తాను. నడిచేవాళ్లు చాలా మంది వస్తారు. అందరూ తల ఎత్తుకునే నడుస్తారు.